కంచు కాసుల జాడన: గద్వాల మొదలు నాగర్‌కర్నూలు దాక

రూపు లేక నిఖిల రూపాల నేలెడు
వాని దలచి సాగువాడ నేను
రాజు మొగము గన్న రాగిబిళ్లల జాడ
వెదకబోవు నన్ను వీడకుండ.

ఈశ్వర నామ సంవత్సర మాఘ బహుళ నవమి నాడు తెల్లవారిన పిదప కర్నూలులో రైలెక్కి తుంగభద్ర దాటితిని. ఫాల్గుణ శుద్ధ విదియ నాటికి మరల ఇల్లు చేరితిని. నడుమ గడచిన దినములు లెక్కకు తక్కువే గాని, అరువదియారేండ్ల యీ మోకాళ్లకు అవి ఒక మాసము వలె తోచినవి. ఆ సీమ చూడని మా యూరివారు పలువురు ‘ఏమి తెచ్చితిరి? ఏమి చూచితిరి?’ అని వాకిట నిలిచి యడుగుచున్నారు. ఒక్కొక్కరికి వేరువేరుగ చెప్పు నోపిక లేక యిది వ్రాయుచున్నాను.

పోయిన పని చిన్నది. కృష్ణా తుంగభద్రల నడిమి నేలలోను, కృష్ణకు ఆవలి గట్టునను, పూర్వము పడమటి సముద్రము దాటి వచ్చిన రోమక వర్తకుల నాణెము లప్పుడప్పుడు దున్నువారి నాగటి చాలులలో తేలుచుండును. బంగారువి దొరికినవారు చెప్పరు. అవి వారము తిరుగక ముందే కరగి కమ్మలగును. కంచువి మాత్రము ఎవరికిని పనికిరానివి గనుక మిగులును. వానిపై ఒకవైపు చక్రవర్తి శిరస్సు, దాని చుట్టును ఇంగ్లీషు పెద్దయక్షరముల వంటి లిపి. రెండవవైపు ఒక దేవతయో, ఇద్దరు సైనికులో, కోటవాకిలియో ఉండును. ముప్పదియేండ్లు బడిలో తెలుగు పద్యములు చెప్పిన నాకు ఈ పిచ్చి యెట్లు పట్టినదో చెప్పజాలను. పదునొకండేండ్లుగా ఒక పట్టిక వ్రాయుచుంటిని. అందు అప్పటికి చేరినవి ఆరు. ఆరింటిలో ఒక్కదానిపై నైనను చక్రవర్తి పేరు చదువుటకు వీలు కాలేదు. పేరు చదువరాని దానిని తెలిసినవారు నాణెముగ నెంచరు, అరిగిన బిళ్లగ నెంతురు. అక్షరము నిలిచిన దొక్కటి, నా కన్నులు పూర్తిగ మసక గాకముందే చూడవలెనని పోయితిని.

గద్వాల: సుంకపు జవాను, పాత రాగి

గద్వాల స్టేషనులో కరోడ్‌గిరి జవాను నా సంచి విప్పించెను. కరోడ్‌గిరి యనగా నైజాము వారి సుంకపు చావడి. సంచిలో రెండు ధోవతులు, మరచెంబు, అటుకుల మూట, సిగరెట్టు పెట్టెలలో వచ్చెడి వెండికాగితములు ఒక కట్ట యుండెను.

‘‘ఏంది పంతులూ, కాగితాలే ఉన్నయి. సిగరెట్లు యాడ దాచినవ్?’’ అనెను జవాను.

జన్మలో పొగ త్రాగనివాడను. ఇరుగుపొరుగుల నడిగి ఆ కాగితములు కూర్చుకొంటినని చెప్పిన నతడు నమ్మలేదు. చివర కతని నైజాము హాలీ రూపాయి నొకదానిని అడిగి పుచ్చుకొని, దానిపై వెండికాగితము పరచి బొటనవ్రేలితో మెల్లగ రుద్దితిని. కాగితముపై చార్మినారు ముద్ర నాలుగు స్తంభములతో లేచి నిలిచెను. నాణెమును యజమాని చేతిలోనే యుంచి దాని రూపమును మాత్రము ఇంటికి తెచ్చుకొను ఉపాయ మిది. జవాను ఆ కాగితమును తన టోపీలో దాచుకొని నన్ను పొమ్మనెను.

ఒక్క నది దాటుటతో డబ్బు మొగము మారును. మా వైపున పైస మొదలు రూపాయి దాక రాజు తల. పాఠశాల పిల్లలకు తమ తాత మొగము కన్న ఆ మొగ మెక్కువ తెలియును. నైజాము నాణెములపై మనుష్యుని రూపమే యుండదు. కట్టడము, వ్రాత, అంతియే. మా ఇంగ్లీషువారి కలదారు రూపాయి నిచ్చిన వీరి హాలీ రూపాయి మీద మరి రెండు మూడణాలు వచ్చును. ఆ లాభము బండివాడే పుచ్చుకొనెను.

కోట వీధిలో కరీం సాహెబు పాత యిత్తడి, రాగి సామానులు తూకమునకు కొని అమ్ముచుండును. చొట్టలు పడిన చెంబులు, పగిలిన గంగాళములు, చెవులు లేని గిన్నెలు గుట్టలుగ నుండగా నడుమ చాపపై కూర్చుండి నన్ను చూచి నవ్వెను. అంతకు మునుపు నేను వ్రాసిన జాబు అతనికి చేరియుండెను.

‘‘తలకాయల పైసల పంతులుగారు మీరేనా? కూసోండ్రి. జర చాయ్ తెప్పిస్త. తాగరా? సరే, బెల్లం ముక్కన్న నోట్ల ఏస్కోండ్రి.’’

‘‘మీరు వానిని కరగింపక యేల దాచుదురు?’’ అని యడిగితిని.

‘‘కరగిస్తే పరేషాన్ పంతులుగారూ! మంచి రాగిల గీ పైసలు కలిస్తే రాగి మొండికేస్తది, సుత్తె కింద పగుల్తది. కంచరోల్లు నా ఇంటికొచ్చి తిడ్తరు. అందుకే పక్కకు పెడ్త.’’

కంచు కఠినమైనది గనుకనే చక్రవర్తులు నేటికిని మిగిలిరని నాకప్పుడు తెలిసినది. అతడొక మట్టిమూకుడు తెచ్చి బోర్లించెను. అందు రోమక నాణె మొక్కటే. ఇద్దరు సైనికులు ధ్వజము నడుమ నుంచుకొని నిలుచున్నారు. రెండవవైపున శిరస్సు అరిగి చింతగింజ వలె నైనది. వెండికాగితముపై అచ్చు తీసికొంటిని. అక్షరము లేవు. నా మొగము చూచి సాహెబు జాలిపడెను.

‘‘మంచిది ఒకటి ఉండె. దళసరి. చుట్టూత అచ్చరాలు ఉండె. రెండేండ్ల కింద నాగర్‌కర్నూలు అవుసలి విశ్వనాథం తీస్కపోయిండు, సవతి బిళ్లకు. మీద ఆడామె బొమ్మ ఉన్నదని మస్తు ఖుషీ అయిండు.’’

అవుసలి యని వీరు కంసాలి నందురు. సవతి బిళ్ల సంగతి యెరుగని వారికి చెప్పవలెను. మొదటి భార్య చనిపోయిన యింట రెండవది కాపురమునకు వచ్చినపుడు, చనిపోయినదాని రూపమును ఒక బిళ్లపై చేయించి పుస్తెలతోబాటు మెడలో కట్టుకొనును. క్రొత్త చీర కట్టుటకు ముందు దానికి చూపును. పండుగనాడు దానికి పసుపు పెట్టి పిదప తాను పెట్టుకొనును. అట్లు చేయనిచో ఆ గతించిన స్త్రీ ఈమెను సుఖముగ నుండనీయదని నమ్మిక. మా వైపున కలిగినవారు వెండిపై పాదములు గీయింతురు. ఈ సీమలో పేదలు దొరికిన లోహమును దొరికినట్లు వాడుదురు.

రోమకుల నాణెములపై రాణుల శిరస్సులు అరుదు. అక్షరములతో కూడిన రాణి! ఆ రాత్రి సత్రములో నల్లుల బాధ యున్నను నాకు తెలియలేదు.

శ్రీరంగాపురము: ఏకాదశి

కృష్ణ దాటి వనపర్తి రోడ్డు స్టేషనులో దిగి బండి కట్టించుకొంటిని. బండి సాయన్న దారి పొడుగునను ఎద్దులతోనే మాటలాడెను. నాతో ఆడిన దొక్కమాట: ‘‘పంతులూ, జర ముంగటికి జరుగు, నీ బరువంత ఒక్క దిక్కే ఉన్నది.’’

శ్రీరంగాపురములో రంగనాయకస్వామి కోవెల చెరువు నానుకొని యున్నది. మెట్లపై చెప్పులు విడిచి కాళ్లు కడుగుకొని తిరిగి చూచునప్పటికి ఒక కుక్క ఎడమకాలి చెప్పు నోట గరచుకొని గట్టు వెంబడి పోవుచున్నది. కేకవేసితిని. అది నాకన్న పడుచుది. కుడికాలి చెప్పును కూడ దానికే విడిచి గుడి చొచ్చితిని.

కోవెలకు దగ్గరలో నొక వృద్ధార్చకుని యింట పూజాపీఠముపై కంచు బిళ్ల యున్నదని కరీం సాహెబు చెప్పియుండెను. అది నిజమే. చక్రవర్తి తలపై ముండ్ల వంటి కిరణములతో కిరీటమున్నది. ఆ రాజులు తమ్ము సూర్యునితో సమముగ చూపించుకొనుటకు అట్టి కిరీటమును చెక్కించెడివారు.

‘‘సూర్యనారాయణమూర్తి. మా తాతగారి నాటినుంచి నిత్యం అభిషేకం చేస్తున్నం,’’ అనెను అర్చకుడు. ‘‘మీకు శాస్త్రం తెలుసు గద, కిరణాలు పన్నెండు ఉండాలె. ఇండ్ల తొమ్మిదే ఉన్నయి. దోషమంటరా?’’

‘‘మిగిలినవి వెనుకవైపున నుండును,’’ అంటిని.

ఆయన మొగమున కలిగిన నెమ్మది చూచిన పిదప అది రాజు తల యని చెప్ప మనసొప్పలేదు. మూడు తరముల పాలును చందనమును ఆ లిపిని పూర్తిగ త్రాగివేసినవి. అచ్చు తీసికొని, ఉపవాసము గనుక తీర్థము మాత్రము పుచ్చుకొని, ఉత్తకాళ్లతో బండియెక్కితిని. పట్టికలో ఎనిమిది. చదువదగిన దొక్కటియు లేదు.

వనపర్తి: ముల్లు, పచ్చిపులుసు

వనపర్తిలో చెప్పులు కొనుటకు ముందే కాలిలో తుమ్మముల్లు విరిగినది. క్రొత్త చెప్పులు ముప్పావలా హాలీ. తోలు పచ్చిదై నడచినప్పుడెల్ల కిఱ్ఱుమనుచుండెను. ముల్లున్న కాలికి చెప్పు లేకున్నను బాధ, ఉన్నను బాధ. మోటారు బస్సు చక్రము చెడి రెండు దినములు కదలలేదు.

ఆ రెండు దినములును ఒక పూటకూళ్లింట భుజించితిని. జొన్నరొట్టె మాకును కలదు గాని, వీరు దానిని మాకన్న పలుచగ చరతురు. పచ్చిపులుసనునది వీరి ప్రత్యేకము. చింతపండు రసమును కాచకయే ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి పోయుదురు. రాగులను తైద లందురు. పూట భోజనము మూడణాలు హాలీ. ఇంటి యజమానురాలు వెంకమ్మగారు వితంతువు. వడ్డించుచు నా పని యేమని యడిగి, విన్న పిదప గరిటె యట్లే పట్టుకొని నిలుచుండెను.

‘‘కొత్త పైసలు దొరకక మేం సస్తుంటే మీరు పాతయి ఏరుతుండ్రా బాపూ! ఇంట్ల ఎవరూ వద్దనలేదా?’’

‘‘వద్దనిరి,’’ అంటిని.

‘‘మరి?’’

ఆ ప్రశ్నకు సమాధానముగ మరికొంచెము పచ్చిపులుసు పోయించుకొంటిని.

నాగర్‌కర్నూలు: బిళ్ల

మహాశివరాత్రి నాటి ఉదయమున నాగర్‌కర్నూలు చేరితిని. సోమశిల తీర్థమునకు బండ్లు కట్టుకొని పోవువారు ముందురోజే పోయిరి. ఊరు సగము ఖాళీగ నుండెను. ఉపవాసము, ముల్లు, మోటారు కుదుపు మూడును కలసి నన్ను వంచివేసినవి.

అవుసలి యని వీరు కంసాలి నందురు. అవుసలి విశ్వనాథము నలువదియేండ్ల వాడు, నెమ్మది మనిషి. నా మాట విని కొలిమి యూదుట యాపెను.

‘‘చూసుడంటే చూపిస్త అయ్యగారూ. కొనుడు మాట మాత్రం ఆ ఇంట్ల ఎత్తకుండ్రి.’’

‘‘కొననయ్యా. చదువుకొని పోదును.’’

ఆ యిల్లు రాములు అను కాపువానిది; ఆ యింటివారి పేర్లు నేను మార్చి వ్రాసినవి. అతడును సోమశిలకే పోయియుండెను, మరునాడు వచ్చునట. ఇంట అతని తల్లి బాలమ్మయు, రెండవ భార్య చెన్నమ్మయు ఉండిరి. బాలమ్మ అరుగుపై కూర్చుండి గెనుసుగడ్డలు కడుగుచుండెను.

‘‘ఎవలు ఆచారీ, ఈ పంతులు? ముహూర్తం పెట్టనీకి నా ఇంట్ల ఎవలున్నరు?’’

‘‘ముహూర్తం గాదు బాలమ్మా. కర్నూలు నుంచి వచ్చిండ్రు. మీ కోడలి మెడల బిళ్ల జూడనీకి.’’

‘‘కర్నూలు నుంచా! ఆడ సవతులు లేరా, బిళ్లలు లేవా?’’ అని నవ్వి, లోపలికి చూచి పిలిచెను. ‘‘ఓ చెన్నమ్మా! ఇటు రా పిల్లా. మీ అక్కను జూడ వచ్చిండ్రు.’’

చెన్నమ్మకు ఇరువదియేండ్లకు మించవు. ఐదవ నెల గర్భిణి. కొంగు చాటున బిళ్లను చేత పట్టుకొనియే వచ్చి స్తంభము ప్రక్కన నిలిచెను. బాలమ్మయే కథ చెప్పెను. మొదటి కోడలు లచ్చుమమ్మ జ్వరము తగిలి పోయి మూడేండ్లు.

‘‘గీ పిల్ల వచ్చినంక ఆర్నెల్లు ఆమె అన్నం తిననియ్యలే అయ్యా. కలలకొచ్చి మంచం పట్టెమీద గూసునేది. బిళ్ల గట్టినంక సల్లవడ్డది.’’

‘‘సల్లవడుడు గాదత్తా, మాట్లాడ్తది,’’ అనెను చెన్నమ్మ.

‘‘ఏమి మాటలాడునమ్మా?’’ అని యడిగితిని.

‘‘కూరల ఉప్పెక్కువైతే చెప్తది. బిడ్డ కదులుతలేదని నేను భయపడ్తే, పండుకున్నది తియ్ అంటది.’’

‘‘నేను చెప్తే ఇనదు, సచ్చినామె చెప్తే ఇంటది,’’ అని బాలమ్మ నాకు ఫిర్యాదు చేసెను. ఆ మాటలో కోపము లేదు.

చెన్నమ్మ పుస్తెలు తీయక, బిళ్ల నొక్కదానిని ముడివిప్పి నా చేతిలో పెట్టెను. హాలీ రూపాయి యంత వెడల్పు, దానికి రెట్టింపు దళము. రెండేండ్ల పసుపు పొరలు పొరలుగ గట్టి బంగారు మట్టి వలె పేరుకొని యున్నది. ఆ పొరలోనుండి కుడివైపునకు తిరిగిన మొగము, కొప్పు చుట్టును పూలదండ, మెడ వెనుక జారిన జడకుచ్చులు కనబడుచున్నవి. అంచున మూడక్షరములు పైకి తేలియున్నవి. మూడును చదువవచ్చెను! పదునొకండేండ్లలో నే నెన్నడును అట్టి యక్షరముల చూడలేదు.

‘‘కొంచెము చింతపండు కావలెను,’’ అంటిని.

‘‘అయ్యగారూ,’’ అని ఆచారి మెల్లగ నా మోచేయి తాకెను. ‘‘బిళ్ల మీది పసుపు తియ్యరాదు గద.’’

‘‘మొగము ముట్టను. అంచు మాత్రమే.’’

ఆ మాట నిలుపుకొనలేకపోయితిని. వారు తెచ్చియిచ్చిన చింతపండుతో అంచును రుద్దుచుండగా నాలుగవ యక్షరము వచ్చెను, ఐదవది వచ్చెను. నా వ్రేలు నా మాట వినలేదు. పులుసు పసుపు క్రిందికి ప్రాకి, ఆ పొర యంతయు ఎండిన మామిడితాండ్ర వలె ఒక్కమారుగ లేచి నా యరచేతిలో పడెను. దానితో బాటు పాత చిలుమును ఊడినది. ముక్కు, కన్ను, చెక్కిలి బయటపడినవి. చెక్కిలి క్రింద వంకులు వంకులుగ, నేర్పరి చెక్కిన గడ్డము.

కొప్పు చుట్టునున్నది పూలదండ గాదు. జయించిన రాజులు తలకు చుట్టుకొను ఆకుల దండ. జడకుచ్చులు ఆ దండను కట్టిన పట్టెలు.

బాలమ్మ లేచి వచ్చి నా భుజము మీదుగ చూచెను.

‘‘గడ్డం!’’ అనెను. ‘‘ఆచారీ, గిదేంది? మా లచ్చుమమ్మకు గడ్డం మొలిచిందా?’’

చెన్నమ్మ ఒక్క అడుగు వెనుకకు వేసి కొంగును మెడ నిండ కప్పుకొనెను. ‘‘తానం జేసేటప్పుడు గూడ తియ్యలే అత్తా,’’ అనెను. ‘‘రెండేండ్లు.’’

‘‘నాకెట్ల ఎరుక బాలమ్మా?’’ అని ఆచారి మొరపెట్టెను. ‘‘గడ్డం మీద చిలుము ఉండె. పూలు ముడుచుకున్నడు! మొగోళ్లు పూలు ముడుస్తరా? నువ్వే జూసి మా లచ్చుమమ్మే అన్నవ్.’’

బాలమ్మ ఆతనిని విడిచి నావైపు తిరిగెను. ‘‘సదువుకున్నోనివి. నువ్వు చెప్పు పంతులూ. ఆడదా, మొగోడా?’’

ముగ్గురును నన్ను చూచుచుండిరి. శ్రీరంగాపురములో తొమ్మిది కిరణములను పన్నెండు చేసిన నోరే యిది. ఇచ్చట ఒక రాణి కథ చెప్పుట కష్టము గాదు. కాని ఆ గడ్డము నా యరచేతిలో నున్నది, ఆ పిల్ల దానిని చూచినది. అబద్ధమాడిన, నా మాట నొకవైపు, తన కన్నుల నొకవైపు ఉంచుకొని ఆమె ఆ బిళ్ల నెట్లు ధరించును?

‘‘మగవాడే నమ్మా. మన దేశపువాడు గాడు. వేయేండ్లకు పైబడి గతించిన రాజు.’’

‘‘ఎవతె పెనిమిటో గద,’’ అనెను చెన్నమ్మ.

బాలమ్మ నుదురు కొట్టుకొనెను. ‘‘రేపు రాములు సోమశిల నుంచి దిగుతడు. వాడు అసలే రాగి బిళ్ల ఏందని అప్పుడే ఎగిరిండు. పెండ్లాం మెడల పరాయి మొగోని మొగం ఉండెనని తెలిస్తే ఇంట్ల ఉండనిస్తడా? బాయిల పారెయ్, పీడ పోతది!’’

‘‘పారెయ్యొద్దు!’’ అని చెన్నమ్మ నా చేతినుండి బిళ్లను లాగికొనెను. భయపడిన ఆ పిల్లయే మరల దానిని పిడికిట పట్టుకొని యుండెను. ‘‘అక్క దీంట్లకు వచ్చి రెండేండ్లాయె. పారేస్తే యాడికి పోతది? మళ్ల మంచం పట్టెమీదికే గద. ఇప్పుడు కడుపుల బిడ్డ ఉన్నది.’’

ఇంత చేసినది నా బొటనవ్రేలు. నేను రాకున్న ఆ యింట గెనుసుగడ్డలు ఉడికించి, సాయంకాలము దీపము పెట్టి యుందురు. బిళ్లను త్రిప్పి చూడుమని చెన్నమ్మతో అంటిని. వెనుకవైపున పసుపు పలుచన. రెక్కలతో నొక స్త్రీ, ఒకచేత దండ, ఒకచేత కొమ్మ పట్టుకొని ముందుకు నడచుచున్నది.

‘‘గీమె ఎవలు?’’

‘‘విజయము అను దేవత. స్త్రీయే. ఇందు సందేహము లేదు.’’ నిజము చెప్పుట కంత సంతోషించిన దినము నాకు లేదు.

‘‘రెక్కలున్నయి గద,’’ అనెను బాలమ్మ అనుమానముగ.

‘‘సచ్చి మీదికి పోయినోళ్లకు రెక్కలుండయా అత్తా?’’ చెన్నమ్మ బిళ్లను వెలుగునకు పట్టెను. ‘‘చేతుల కొమ్మ జూడు. అక్క బోనం ఎత్తినప్పుడు యాపకొమ్మ గిట్లనే పట్టుకునేదని నువ్వే చెప్పినవ్.’’

ఆచారికి ప్రాణము లేచివచ్చెను. ‘‘ఇంకేంది? తిప్పి కడ్త, సరిపాయె.’’

‘‘తిప్పి కడితే గా మొగోని మొగం రొమ్ముకు తగుల్తది గద, తెలివి గలోడా!’’ అనెను బాలమ్మ.

ఆచారి బిళ్ల నందుకొని దాని దళము చూచెను. పిదప నా మొగము చూడక, ‘‘దళసరి బిళ్ల. గా వైపు ఆకురాయితోని రాకుత. నున్నగైతది,’’ అనెను.

ఐదక్షరములు చదివితిని. పేరు ఇంకను సగమున్నది. పసుపు పోయిన పిదప మిగిలినవియు స్పష్టముగ మెరయుచున్నవి గాని, ఇంట విడిచి వచ్చిన భూతద్దము పెట్టనిదే నా కన్నులకు అందవు. సంచిలోనుండి వెండికాగితము తీసితిని.

‘‘ఒక్క అచ్చు తీసికొననిండు. క్షణము పట్టదు.’’

‘‘దేనికి?’’ అనెను బాలమ్మ. ‘‘మా కోడలి మెడల ఉన్న మొగోని మొగం ఊరూరు తిప్పి చూపనీకా?’’

ఆమె మాటలో తప్పు పట్టుట కేమియు దొరకలేదు. అచ్చుతోబాటు ఎచ్చట దొరికినదో, ఎవరి యొద్ద నున్నదో వ్రాయుట పట్టిక నియమము. కాగితమును మడచి సంచిలో పెట్టితిని.

‘‘రాకి వేయుము ఆచారీ,’’ అంటిని.

అతడు దుకాణమునుండి ఆకురాయి తెచ్చి అరుగుపైననే కూర్చుండెను. బిళ్లను కాలి బొటనవ్రేళ్ల నడుమ బిగించి మొదట గడ్డము పైననే పెట్టెను. కంచు కఠినము. సాహెబు చెప్పినట్లే మొండికేసినది. ఆచారి చెమట తుడుచుకొనుచు, అలసినపుడు ఆగుచు, మరల రాకుచుండెను. పెదవులు పోయినవి, ముక్కు పోయినది. ఆకుల దండ చాలసేపు నిలిచినది. అక్షరము లన్నిటికన్న చివర పోయినవి, అంచు ఎత్తుగ నుండుటచేత. నేను చూడక యుండవచ్చును; చూచితిని. ఎఱ్ఱని పొడి అరుగుపై రాలినది. బాలమ్మ దానిని చింతపండు నీటితోబాటు చీపురుతో వీధిలోనికి ఊడ్చివేసెను.

చెన్నమ్మ రెక్కల దేవతకు క్రొత్తగ పసుపు పెట్టి, కుంకుమ పెట్టి, దారమునకు ఎక్కించి మెడలో కట్టుకొనెను. కన్నులు మూసికొని కొంతసేపు కదలక నిలుచుండెను. బాలమ్మ ఓర్వలేకపోయెను.

‘‘ఏమన్నదే?’’

‘‘ఇంక ఏం అనలే,’’ అనెను చెన్నమ్మ. ‘‘మొగం కొత్తగ గద. జర ఆగాలె.’’

నాకు రెండు గెనుసుగడ్డలు ఆకులో పెట్టి యిచ్చిరి. తిట్టుదురని తలచితిని, తిట్టలేదు. పోవునపుడు బాలమ్మ, ‘‘ముల్లు తీయించుకో పంతులూ, కుంటుతున్నవ్,’’ అని మాత్రమనెను. ఆచారియే తన పట్టుకారుతో ముల్లు తీసెను. పైస పుచ్చుకొనలేదు.

తిరుగుదారి

తిరుగుదారిలో చెప్పదగిన దేమియు లేదు. బస్సు నడచినది. చెప్పులు మెత్తబడినవి. కరోడ్‌గిరి జవాను నన్ను గుర్తుపట్టి, ‘‘దొరికినయా పంతులూ, మంచి పైసలు?’’ అని యడిగెను. రెండు దొరికినవంటిని. రైలు తుంగభద్ర దాటుచుండగా నిద్రపట్టినది.

బహుధాన్య నామ సంవత్సర ఆషాఢ శుద్ధ పంచమి నాడు విశ్వనాథాచారి వ్రాసిన కార్డు చేరినది. చెన్నమ్మకు కాన్పు సుఖముగ నైనదనియు, బిళ్ల మెడలోనే యున్నదనియు, రాములు అడుగగా పాతది అరిగినదని చెప్పిరనియు, ఉప్పు సంగతి మరల మొదలైనదని బాలమ్మ చెప్పుమన్నదనియు అందున్నది. ఆ మాసమే బహుళ విదియ నాడు నా పట్టికను ముగించి నాణెములు తెలిసినవారికి పంపితిని. అందు ఎనిమిది నాణెములున్నవి.